చలిలో పండే పిల్స్‌నర్

న్యూజిలాండ్‌లో ఇంట్లో బీరు కాయడం నేరం కాదు.. కానీ కాయడం ఒక ఎత్తు, ఆగడం ఒక ఎత్తు!

'ఫలానా వాడు ఇంట్లో కాస్తున్నాడట..' మన ఊళ్లో ఈ మాట వినపడితే చాలు. ఎక్సైజు వాళ్ల జీపు, పగిలిన కుండలు, పారబోసిన బెల్లం ఊట కళ్లముందు మెదులుతాయి. సారా అయినా, బీరు అయినా లైసెన్సు లేకుండా కాస్తే అక్కడ కేసే. అదే మనవాడు న్యూజిలాండ్‌లో దిగి సూపర్‌మార్కెట్‌కి వెళ్తే బీరు కాచుకునే డబ్బాలు అరల్లో దర్జాగా కూర్చుని కనిపిస్తాయి. ప్లాస్టిక్ పీపాలు, మూతలు బిగించే మెషీన్లు, ఈస్ట్ పొట్లాలు.. వీటి కోసమే ప్రత్యేకంగా దుకాణాలు కూడా ఉన్నాయి. 'ఇదేం దేశంరా బాబూ!' అనిపించడం సహజం.

అవును, ఇక్కడ అది చట్టబద్ధమే. 18 ఏళ్లు నిండినవారు సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారు చేసుకోవచ్చని కస్టమ్స్, ఎక్సైజు చట్టం చెబుతోంది. లైసెన్సు అక్కర్లేదు, సుంకం లేదు. అందుకే డెయిరీ ఫారాల్లో, ప్యాకింగ్ షెడ్లలో, ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మనోళ్లలో ఎవరికైనా 'మనమూ ఓ పట్టు పడితే పోలా!' అనిపిస్తుంది. మన దేశంలో బీరు అంటే దాదాపు లాగరే కాబట్టి చెయ్యి కూడా 'లాగర్' అని రాసి ఉన్న డబ్బా మీదికే పోతుంది. తీరా మూడు వారాలయ్యాక సీసా మూత తీస్తే.. మబ్బుగా, పళ్లరసం వాసనతో, ఎప్పుడూ తాగని రుచితో ఏదో వస్తుంది. 'డబ్బా మంచిది కాదు' అని తిట్టుకుని పీపాని గ్యారేజీ మూలకి నెట్టేస్తారు.

నిజానికి తప్పు డబ్బాది కాదు, తొందరది. బీర్లలో లాగర్, అందులోనూ జర్మన్ పద్ధతి పిల్స్‌నర్, చలినీ ఓపికనీ అడిగే సరుకు. ఆ రెండూ పెట్టగలిగితే అద్దంలా మెరిసే బంగారు రంగు బీరు మీ వంటింట్లోనే తయారవుతుంది. పెట్టలేకపోతే కొనుక్కోవడమే నయం!

పిల్స్‌నర్ పుట్టింది ఇలా..

పిల్స్‌నర్ పేరు ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ పట్టణం నుంచి వచ్చింది. జర్మన్లు ఆ ఊరిని పిల్సెన్ అంటారు. అక్కడి బీరు నాసిగా ఉందని జనం గోల పెట్టడంతో ఊరివాళ్లే కొత్త బ్రూవరీ కట్టి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ని పిలిపించారు. 1842 అక్టోబరులో ఆయన కాచిన బీరు చరిత్ర మార్చేసింది. అప్పటిదాకా ఆ ప్రాంతంలో బీరు అంటే ఎక్కువగా ముదురు రంగే. లేత రంగు మాల్టు, ఆ ఊరి తేట నీళ్లు, అక్కడి సాజ్ రకం హాప్స్, బవేరియా వాళ్ల చలి పద్ధతి.. నాలుగూ కలిసేసరికి బంగారు రంగు బీరు పుట్టింది.

దాన్ని జర్మన్లు తమకు నచ్చినట్టు మలుచుకున్నారు. 1872లో మొదలైన రాడెబెర్గర్ లాంటి బ్రూవరీలు పిల్స్‌నర్‌ని ఇంకా పొడిగా, ఇంకాస్త చేదుగా చేశాయి. తీపి తక్కువ, చేదు స్పష్టం, గొంతు దిగాక నోరు శుభ్రం.. ఇదీ జర్మన్ పిల్స్ లక్షణం. 'లాగర్' అన్న మాటకు జర్మన్‌లో అర్థం నిల్వ పెట్టడం. పూర్వం చలికాలంలో కాచి, కొండ గుహల్లో మంచుగడ్డల మధ్య నెలల తరబడి దాచేవారు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రం తెచ్చాక గుహల అవసరం తీరింది. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ లాగర్ ఈస్ట్‌ని విడిగా, స్వచ్ఛంగా పెంచగలిగాడు. ఆ తర్వాతే లాగర్ ప్రపంచమంతా పాకింది.

ఈ ఈస్టే ఒక వింత. మామూలు బీరు ఈస్ట్‌కీ, చలికి తట్టుకునే ఒక అడవి ఈస్ట్‌కీ పుట్టిన సంకరజాతి ఇది. ఆ అడవి జాతి ఎక్కడిదో శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతుబట్టలేదు. చివరికి అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో దొరికిందని 2011లో ప్రకటించారు. తరవాత టిబెట్ ప్రాంతంలోనూ, న్యూజిలాండ్‌లోనూ దాని జాడలు కనిపించాయి. అంటే పిల్స్‌నర్ ఏ ఒక్క ఊరిదీ కాదన్నమాట. దాని ఈస్టూ వలసజీవే, దాన్ని కాచినవాడూ వలసొచ్చినవాడే!

నెల్సన్‌లో జర్మన్ల ఊళ్లు

న్యూజిలాండ్‌లో తొలి బీరు కాచింది కెప్టెన్ కుక్ బృందం. 1773లో దక్షిణాన డస్కీ సౌండ్ దగ్గర ఓడ ఆపినప్పుడు రిము, మనుకా చెట్ల ఆకులు ఉడికించి, మొలాసిస్ కలిపి పులియబెట్టారు. ఉత్సాహం కోసం కాదు, నావికులకు స్కర్వీ జబ్బు రాకుండా చూసుకోవడం కోసం.

అసలైన హాప్స్ కథ నెల్సన్ ప్రాంతంలో మొదలైంది. 1843లో సెయింట్ పౌలి, 1844లో స్క్యోల్డ్ అనే ఓడల్లో జర్మన్ కుటుంబాలు అక్కడ దిగాయి. సొంత గడ్డ వదిలి, నెలల తరబడి సముద్రం మీద వచ్చినవాళ్లు వాళ్లు. రాంజావు, సారావు, నోయిడార్ఫ్ అని ఊళ్లకు తమ పేర్లే పెట్టుకున్నారు. సారావే ఇప్పటి అప్పర్ మౌటెరె. 1850 నాటి మౌటెరె ఇన్ అక్కడ ఇప్పటికీ ఉంది. మొదలుపెట్టింది కూడా ఒక జర్మన్ వలసదారే. వీళ్లూ, ఇంగ్లిష్ వాళ్లూ కలిసి ఆ లోయల్లో హాప్స్ తీగలు పాకించారు. ఈనాటికీ దేశంలోని హాప్స్ దాదాపు అన్నీ నెల్సన్, టాస్మన్ ప్రాంతంలోనే పండుతాయి. మోటుయేకా వైపు వెళ్తే కాకరపందిళ్లలా కాదు, కొబ్బరిచెట్టంత ఎత్తున తాళ్ల మీద ఎగబాకిన తీగలు కనిపిస్తాయి. కోతలు మార్చి నెలలో.

రివాకాలోని పరిశోధన కేంద్రం ఐరోపా రకాలను ఇక్కడి నేలకు తగ్గట్టు సంకరం చేసింది. పసిఫికా అనే రకానికి తల్లి జర్మనీ వాళ్ల హాలర్‌టావు. మోటుయేకా రకంలో సాజ్ రక్తం ఉంది. మన భాషలో చెప్పాలంటే.. నారు అక్కడిది, నీళ్లు ఇక్కడివి! అందుకే న్యూజిలాండ్‌లో జర్మన్ పిల్స్ కాయాలనుకునేవాడికి జర్మనీ సరుకే కావాలని లేదు. పిల్స్‌నర్ మాల్టు కూడా కాంటర్‌బరీలోని డన్‌సాండెల్‌లో గ్లాడ్‌ఫీల్డ్ కంపెనీ ఇక్కడి బార్లీతోనే తయారుచేస్తోంది. జర్మన్ జాడ ఉన్న పసిఫికా వేస్తే సంప్రదాయ రుచి వస్తుంది. మోటుయేకా, రివాకా రకాలు వేస్తే నిమ్మచెక్క వాసన తగిలే న్యూజిలాండ్ పిల్స్‌నర్ అవుతుంది. డునెడిన్‌లోని ఎమర్సన్స్ బ్రూవరీ ఈ రెండో దారికి పేరు తెచ్చింది.

ఇడ్లీపిండికి వెచ్చటి మూల.. లాగర్‌కి చల్లటి మూల

ఇక్కడ కాపురం పెట్టిన ప్రతి తెలుగింట్లో ఒక కష్టం ఉంటుంది. జులైలో ఇడ్లీపిండి పులవదు! ఆడవాళ్లు గిన్నెని హాట్‌వాటర్ సిలిండర్ ఉన్న అల్మరాలో పెట్టి తలుపేస్తారు. లేదా అవెన్‌లో లైటు వేసి ఉంచుతారు. పులుపు ఎక్కాలంటే వెచ్చదనం కావాలని మనకు చెప్పక్కర్లేదు.

మామూలు ఏల్ రకం బీరు ఈ ఇడ్లీపిండి లాంటిదే. 18 నుంచి 22 డిగ్రీల వేడిలో వారంలో పని ముగిస్తుంది. ఆ వేడికి పండ్ల వాసనలు పుడతాయి. ఏల్‌కి అది అందం, పిల్స్‌నర్‌కి మచ్చ. లాగర్ ఈస్ట్ 10 నుంచి 13 డిగ్రీల చలిలో నెమ్మదిగా పనిచేస్తుంది, వాసనలు పుట్టించదు. అయితే అసలు కిటుకు ఇంకోటుంది. 'లాగర్' అని రాసి అమ్మే డబ్బాల్లో చాలావాటిలో మూత కింద పెట్టిచ్చేది ఏల్ ఈస్ట్ పొట్లమే. కొన్నవాడి ఇంట్లో చలిపెట్టె ఉండదని కంపెనీకి తెలుసు మరి! మనోళ్ల తొలి సీసా బెడిసికొట్టేది ఇక్కడే.

కాబట్టి గిన్నెకు వెచ్చటి మూల వెతికినట్టే పీపాకు చల్లటి మూల వెతకాలి. క్రైస్ట్‌చర్చ్, ఇన్వర్‌కార్గిల్ వైపు ఉన్నవాళ్లకు జూన్ నుంచి ఆగస్టు దాకా హీటర్ లేని గ్యారేజే చాలావరకు సరిపోతుంది. పగటికీ రాత్రికీ వేడి మరీ మారిపోకుండా పీపా చుట్టూ పాత దుప్పటి చుడితే మేలు. ఆక్లాండ్‌లో అది కుదరదు. ట్రేడ్‌మీలో ఒక పాత ఫ్రిజ్, దానికి తగిలించే థర్మోస్టాట్ ప్లగ్గు కొనుక్కోవాల్సిందే.

పది లీటర్ల పద్ధతి

అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లకు పది లీటర్లే నయం. పొయ్యి మోయగలదు, చెడినా నష్టం తక్కువ. ఫంక్షన్లకు సాంబారు కాచే 20 లీటర్ల స్టీలు గిన్నె ఉంటే సగం సామాను ఉన్నట్టే. ఇంకా కావలసినవి.. మరపట్టిన పిల్స్‌నర్ మాల్టు 2.2 కిలోలు, పసిఫికా హాప్స్ 40 గ్రాములు, పొడి లాగర్ ఈస్ట్ 11.5 గ్రాముల పొట్లం ఒకటి (డబ్ల్యూ-34/70 రకం నమ్మకమైనది), సన్నటి వల సంచి, మూత బిగిసే పీపా, థర్మామీటరు, హైడ్రోమీటరు. పాలకేంద్రంలో లాక్టోమీటర్ ముంచి చిక్కదనం చూస్తారు కదా, హైడ్రోమీటరు కూడా అలాంటిదే. నీళ్లలో ఇంకా ఎంత చక్కెర ఉందో చెబుతుంది.

నానబెట్టడం: 16 లీటర్ల నీళ్లు 68 డిగ్రీలకు కాచి, గిన్నెలో వల సంచి పరిచి మాల్టు పొయ్యాలి. ఉండలు కట్టకుండా కలిపితే వేడి 65 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మూతపెట్టి, దుప్పటి కప్పి గంటసేపు వదిలెయ్యాలి. మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మొలకెత్తిన రాగులు తియ్యగా ఎందుకుంటాయో ఇదీ అందుకే. గింజలోని పిండి ఈ వేడికి చక్కెరగా మారుతుంది. గంటయ్యాక సంచి పైకెత్తి, వడకట్టి పిండేస్తే తియ్యటి కషాయం మిగులుతుంది.

కాచడం: ఈ కషాయాన్ని 60 నుంచి 75 నిమిషాలు తెర్లించాలి. మూత పెట్టొద్దు. లేత మాల్టులో ఉడికిన మొక్కజొన్న వాసన ఒకటి ఉంటుంది, అది ఆవిరితో పోవాలి. దించడానికి గంట ముందు 20 గ్రాముల హాప్స్, పావుగంట ముందు 10, దించేటప్పుడు మిగిలిన 10 గ్రాములు. ముందు వేసింది చేదు ఇస్తుంది, చివర వేసింది వాసన ఇస్తుంది. పోపు ముందేస్తే ఒక రుచి, చివరేస్తే ఒక రుచి అయినట్టే!

చల్లార్చడం: గిన్నెను లాండ్రీ తొట్టిలో ఐసునీళ్ల మధ్య పెట్టి తొందరగా చల్లార్చాలి. శుభ్రం చేసిన పీపాలోకి వంచి, ఫ్రిజ్‌లో 12 డిగ్రీలకు దిగేదాకా ఆగి, బాగా కుదిపి, అప్పుడు ఈస్ట్ చల్లాలి. ఈ దశలో హైడ్రోమీటరు 1.045 నుంచి 1.050 మధ్య చూపిస్తే లెక్క సరిపోయినట్టే.

పులియడం: 12 డిగ్రీల దగ్గర పది, పన్నెండు రోజులు. మొదటి రెండు రోజులు ఏమీ కదలదు, కంగారు పడొద్దు. అంకె 1.018 దాకా దిగాక మూడు రోజులు 17 డిగ్రీలకు పెంచాలి. ఈస్ట్ పనిచేసేటప్పుడు వెన్న వాసన వేసే పదార్థం ఒకటి పుడుతుంది. ఈ వెచ్చదనానికి ఈస్టే దాన్ని తినేస్తుంది. అంకె 1.010 దగ్గర ఆగి, మూడు రోజులు వరసగా అదే చూపిస్తే పని అయిపోయినట్టు.

సీసాల్లో పట్టడం: ఉన్న బీరుకి లీటరుకి 6 గ్రాముల పంచదార తూచి, నీళ్లలో మరిగించి కలిపి, సీసాలకు పట్టి మూతలు బిగించాలి. రెండు వారాలు గదిలో ఉంచితే గ్యాసు పడుతుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు. ఇదే అసలైన లాగరింగ్. మబ్బు అడుక్కి దిగి, గరుకు రుచి పోయి, బీరు తేటపడేది ఇక్కడే. ఒక సీసా ముందే తీసి చూద్దాం అనిపిస్తుంది. తియ్యండి, తేడా మీకే తెలుస్తుంది. కానీ మిగతావి ముట్టుకోవద్దు!

ఆవకాయ పెట్టే చెయ్యి కావాలి

ఆవకాయ జాడీకి తడి తగలకూడదని అమ్మ ఎంత జాగ్రత్త పడుతుందో గుర్తుందా? బీరుకీ అంతే మడి. కషాయం చల్లారాక తగిలే ప్రతి వస్తువూ.. గరిటె, గొట్టం, సీసా, మూత.. ముందు సబ్బు పోయేలా కడిగి, తర్వాత క్రిములు చంపే ద్రావకంలో ముంచాలి. పిల్స్‌నర్‌లో దాచుకోవడానికి చోటులేదు. ముదురు బీరులో కలిసిపోయే చిన్న తప్పు కూడా ఇందులో ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బీరుకు మందుల డబ్బా వాసన వస్తుంది. హోమ్‌బ్రూ దుకాణాల్లో దొరికే క్యాంప్‌డెన్ బిళ్లలో చిన్న ముక్క వేస్తే ఆ బెడద పోతుంది. పుల్లటి వాసన వస్తే శుభ్రత లోపించినట్టు. వెన్న వాసన వస్తే తొందరపడినట్టు.

అన్నిటికన్నా ప్రమాదం సీసా పేలడం. పులియడం పూర్తికాకుండా పట్టినా, పంచదార చేతికొచ్చినంత వేసినా లోపల గ్యాసు పెరిగి గాజు సీసా బాంబులా పగులుతుంది. కళ్లు పోయే ప్రమాదం ఉంది. బీరు కోసమే చేసిన మందపాటి సీసాలే వాడాలి. సీసాలను చిన్నపిల్లలు తిరగని చోట, మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. హైడ్రోమీటర్ కొనడానికి వెనకాడేవాళ్లు అసలు సీసాల జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బు మిగులుతుందా?

దుకాణంలో కొనే బీరు ధరలో ఎక్సైజు సుంకం, జీఎస్టీ కలిసి ఉంటాయి. ఇంటి బీరుకి ఎక్సైజు లేదు కాబట్టి సరుకుల ఖర్చే ఖర్చు. ఈ లెక్క చూసి చాలామంది దిగుతారు. కానీ పీపా, థర్మోస్టాట్, ఫ్రిజ్, దాని కరెంటు.. ఇవన్నీ కలిపితే మొదటి నాలుగైదు విడతల దాకా పెట్టుబడి తిరిగి రాదు. పది లీటర్లంటే 750 మిల్లీలీటర్ల సీసాలు పన్నెండో పదమూడో. వాటికోసం ఒక ఆదివారం అంతా, ఆపైన తొమ్మిది పది వారాల ఎదురుచూపు. నెలకో రెండు సీసాలు తాగేవాడికి కొనుక్కోవడమే చవక. ఇంటికి పంపే డబ్బు మిగిల్చుకుందామని మాత్రమే దీన్ని మొదలుపెడితే నిరాశే మిగులుతుంది. చేతిపని మీద సరదా ఉన్నవాడికి మాత్రం ఇది తోటపని లాంటిది. మిగిలేది డబ్బు కాదు, పని నేర్చుకున్న తృప్తి.

గీత దాటితే వీసాకే ఎసరు

ఇక్కడ చట్టం ఇచ్చిన స్వేచ్ఛ 'సొంత వాడకం' అన్న గీత దాకే. స్నేహితుడికి ఊరికే ఒక గ్లాసు పొయ్యొచ్చు. అదే సీసాకి ఐదు డాలర్లు తీసుకుంటే అది అమ్మకం. లైసెన్సు లేని అమ్మకం 2012 మద్యం అమ్మకాల చట్టం కింద నేరం. కమ్యూనిటీ ప్రోగ్రాంకి టిక్కెట్ పెట్టి, లోపల 'ఫ్రీ'గా పోసినా అది కూడా అమ్మకం లెక్కలోకే రావచ్చు. 18 ఏళ్లలోపు పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇవ్వకూడదు.

రెండోది, బండి. ఇంటి బీరు సీసా మీద ఎంత శాతమో రాసి ఉండదు, మనమే లెక్కేసుకోవాలి. పై పద్ధతిలో వచ్చేది దాదాపు 5 శాతం. న్యూజిలాండ్ లెక్కలో ఒక 'స్టాండర్డ్ డ్రింక్' అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 750 మిల్లీలీటర్ల ఒక్క సీసాలోనే ఇలాంటివి మూడు ఉంటాయి. 'ఒక్క సీసాయే కదా తాగింది' అనుకుని తాళం చేతికి తీసుకునేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. 2014 డిసెంబరు నుంచి 20 ఏళ్లు దాటినవారికి పరిమితి లీటరు శ్వాసకు 250 మైక్రోగ్రాములు. 20 ఏళ్లలోపు వారికి సున్నా. 400 దాటితే కోర్టు కేసు. మొదటిసారే మూడు నెలల దాకా జైలు, లేదా 4,500 డాలర్ల దాకా జరిమానా, ఆపైన లైసెన్సు రద్దు.

జరిమానా కట్టి బయటపడొచ్చులే అనుకుంటే పొరపాటు. వర్కు వీసా మీద ఉన్నవారికీ, రెసిడెన్స్ వచ్చిన కొత్తలో ఉన్నవారికీ ఇలాంటి శిక్ష దేశం నుంచి పంపించేసే దాకా తీసుకెళ్లగలదు. తర్వాతి వీసా దరఖాస్తులో క్యారెక్టర్ కాలమ్ దగ్గర మళ్లీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఏజెంటుకు లక్షలు పోసి, పొలం తాకట్టు పెట్టి వచ్చినవాడు ఒక్క రాత్రి మూడు కిలోమీటర్ల డ్రైవింగ్‌కి అంతా పోగొట్టుకోవడం కన్నా టాక్సీ కిరాయి ఎంత చవకో ఆలోచించండి. పొద్దున్నే నాలుగింటికి పాలు పితికే షిఫ్టు ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఒళ్లు ఒక స్టాండర్డ్ డ్రింక్‌ని అరిగించుకోవడానికి సుమారు గంట పడుతుంది. నిద్రపోయినంత మాత్రాన నిషా దిగిపోదు.

ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?

ఇది తెలుగువాళ్ల ఇళ్లలో తేలిగ్గా తేలే సంగతి కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి నడిచిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. కానీ ఆ పోరాటం చేసిన తల్లుల బిడ్డలే ఇప్పుడు ఆక్లాండ్‌లో, హామిల్టన్‌లో ఉన్నారు. 'ఇంట్లో కాస్తాను' అని భర్త అంటే భార్య ముఖం మాడితే అందులో ఆశ్చర్యమేముంది? ఆ భయం వట్టిది కాదు. కూలి డబ్బు సీసాల పాలై, రాత్రుళ్లు ఏడుపులతో గడిచిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

పరాయి దేశంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఒంటరితనం. చలికాలం సాయంత్రం ఐదింటికే చీకటి, పలకరించే మనిషి లేడు, గ్యారేజీలో డజను సీసాలు. సరదాగా మొదలైంది రోజువారీ అలవాటుగా మారడానికి ఇంతకన్నా ఏం కావాలి? కొనాలంటే దుకాణం దాకా వెళ్లాలి, డబ్బు తియ్యాలి. ఇంట్లో ఉన్నదానికి ఆ అడ్డు కూడా లేదు. వారంలో కనీసం రెండు రోజులు అసలు ముట్టుకోవద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. చెయ్యి దాటుతోందని మీకుగానీ, మీవాళ్లకుగానీ అనిపిస్తే ఆల్కహాల్ డ్రగ్ హెల్ప్‌లైన్ 0800 787 797కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. ఫోన్ చేస్తే వీసా పోతుందేమోనని జంకక్కర్లేదు, అది సాయం కోసం పెట్టిన లైను. ఇంతకుముందే తాగుడుతో ఇబ్బంది పడ్డ ఇల్లయితే మాత్రం ఈ సరదా పెట్టుకోకపోవడమే ఉత్తమం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని, అద్దె ఇల్లయితే యజమాని చెవిన కూడా వేసి, దిగాలనుకుంటే జూన్ మొదటివారం మంచి ముహూర్తం. మార్చిలో కోసిన హాప్స్ కొత్త సరుకు దుకాణాలకు వచ్చే వేళ, గ్యారేజీలు చల్లబడే వేళ కూడా అదే. జూన్ మొదట్లో కాస్తే నెలాఖరుకి సీసాల్లోకి, జులై మధ్యకి ఫ్రిజ్‌లోకి, ఆగస్టు చివరికి గ్లాసులోకి. ప్రతి విడతకీ ఒక నోటుపుస్తకంలో తేదీ, వేడి, హైడ్రోమీటర్ అంకె రాసుకోండి. మొదటిది బాగా రాకపోతే రెండోదానికి ఏం మార్చాలో ఆ పుస్తకమే చెబుతుంది. సీసా మీద కూడా తేదీ, శాతం రాసిన చీటీ అంటించండి. ఎంత తాగుతున్నామో తెలియడానికి అంతకన్నా తేలిక దారి లేదు.